మంచు లేని ఊళ్ళో స్కీ పల్టీలు

అమలాపురంలో పిల్లల వేసవి శిబిరం చివరి రోజు సాయంత్రం ఒక వ్యాయామ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.

పెద్దలందరికీ నమస్కారమండి. పిల్లలూ, మీరు ముందుకొచ్చి చాపల మీద కూర్చోండి, వెనక కుర్చీల్లో ఉన్న మీ అమ్మానాన్నలకి కూడా కనపడాలి. ఆ పక్క ఫ్యాన్ తిరుగుతోందా? తిరుగుతోంది కదా, సరే.

ఈ శిబిరం మొదలైన దగ్గర్నుంచి కలిసినవాళ్ళందరూ నన్ను ఒకటే అడుగుతున్నారండి. "కోనసీమలో మంచెక్కడుంది మేడమ్? పిల్లల కాళ్ళకి స్కీలు కట్టి ట్రాంపోలిన్ మీద గెంతిస్తున్నారు, ఇది దేనికి పనికొస్తుంది?" అని. స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే పొడవాటి పలకలు. ట్రాంపోలిన్ అంటే చుట్టూ స్ప్రింగులతో బిగించిన గెంతుడు బట్ట, ఆ బట్టనే బెడ్ అంటాం. అడగాల్సిన మాటే. పిల్లల్ని నా దగ్గరకి పంపిన తల్లిదండ్రులకి దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది. నేను చెప్పేది ఇదండి. స్కీయింగ్ విన్యాసాల్లో అన్నిటికంటే కష్టమైన భాగం గాల్లో జరుగుతుంది. ఆ గాల్లో భాగాన్ని ఎక్కడైనా నేర్చుకోవచ్చు, అమలాపురంలో కూడా నేర్చుకోవచ్చు. అయితే దానికో వరుస ఉంది. ఆ వరుస తప్పితే మెడ విరుగుతుంది. ఈ రెండూ కలిపి వినండి. ఒకటి విని ఒకటి వదిలేయొద్దు.

టీవీలో చూడనివాళ్ళ కోసం ముందు ఆట గురించి రెండు మాటలు. ఫ్రీస్టయిల్ స్కీయింగ్‌లో కాళ్ళకి స్కీలు తొడుక్కుని మంచు వాలు మీద జారుతూ వస్తారు. ఎదురుగా మంచుతోనే కట్టిన ర్యాంపు ఉంటుంది, దాన్ని కిక్కర్ అంటారు. ఆ కిక్కర్ ఎక్కి గాల్లోకి లేచి, పల్టీలు కొట్టి, మెలికలు తిరిగి, మళ్ళీ వాలు మీద కాళ్ళ మీద దిగి జారుకుంటూ పోతారు. ఇందులో చాలా రకాలున్నాయి. 1988లో కాల్గరీ ఒలింపిక్స్‌లో ప్రదర్శనగా పెట్టారు. గుట్టలు గుట్టలుగా ఉన్న వాలు మీద దిగే మోగుల్స్‌కి 1992 ఆల్బర్ట్‌విల్‌లో పతకాలిచ్చారు, కేవలం పల్టీల కోసమే ఉన్న ఏరియల్స్‌కి 1994 లిల్లెహామర్‌లో ఇచ్చారు. సగం గొట్టంలాంటి మంచు కాలువలో అటూ ఇటూ ఎగిరే హాఫ్‌పైప్, వాలు పొడుగునా వరుసగా అడ్డంకులూ గెంతులూ ఉండే స్లోప్‌స్టయిల్ 2014 సోచిలో వచ్చాయి. ఒకే పెద్ద కిక్కర్ మీద నుంచి ఎగిరే బిగ్ ఎయిర్ 2022 బీజింగ్‌లో వచ్చింది.

ఆ బీజింగ్ బిగ్ ఎయిర్ పోటీ సంగతి చెప్పాలి. చైనా తరఫున దిగిన ఐలీన్ గూకి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. చివరి ప్రయత్నంలో 1620 డిగ్రీలు తిరిగి స్వర్ణం గెలిచింది. పిల్లలూ, ఒక చుట్టు 360 డిగ్రీలైతే 1620 అంటే ఎన్ని చుట్లు? నాలుగున్నర, శభాష్. అంతకుముందు ఏ పోటీలోనూ తను చేయని విన్యాసం అది. ఆలోచించండి, గాల్లోకి లేచాక అంతటి పనికి లెక్కలు వేసుకునే టైమ్ ఎక్కడుంటుంది? ఎటు చూడాలి, చేతులు ఎప్పుడు దగ్గరకి లాగాలి, ఎప్పుడు విప్పాలి, ఇవన్నీ ఒంటికి ముందే తెలిసుండాలి. ఒంటికి తెలియాలంటే కొన్ని వేలసార్లు గాల్లోకి లేవాలి. మంచు మీద అన్నిసార్లు కుదురుతుందా?

కుదరదండి. మంచు ఉండేదే ఏడాదిలో కొన్ని నెలలు. ఒక్కసారి ఎగరాలంటే లిఫ్టెక్కి పైకి పోవాలి, వరుసలో నిలబడాలి. గాలి ఎక్కువుంటే ఆపేస్తారు, వెలుతురు తగ్గితే ఆపేస్తారు. పడితే మళ్ళీ లేచి, ఊడిన స్కీ వెతుక్కుని, మంచు దులుపుకుని వెళ్ళాలి. చేతివేళ్ళు కొంకర్లు పోతుంటాయి. నేర్చుకునేవాళ్ళు ఒక్కో గెంతుకి గాల్లో ఉండేది సెకనో, రెండు సెకన్లో. ఇరవైసార్లు ఎగిరినా రోజు మొత్తానికి గాల్లో గడిపింది ఒక్క నిమిషం నిండదు. అదే ట్రాంపోలిన్ మీద పది గెంతులకే పది పదిహేను సెకన్లు గాల్లో ఉంటారు. దిగి, ఊపిరి పీల్చుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కుతారు.

అందుకే మంచు కరిగాక కూడా ఆ దేశాల్లో ఎవరూ ఇంట్లో కూర్చోరు. మంచు లేని ఆ నెలలనే వాళ్ళు ఆఫ్ సీజన్ అంటారు. అసలు కొత్త విద్య నేర్చుకునేదంతా అప్పుడే. రెండు చోట్ల నేర్చుకుంటారు. ఒకటి ట్రాంపోలిన్, రెండోది వాటర్ ర్యాంపు. ఈ వాటర్ ర్యాంపు చూడాల్సిన వస్తువండి. పొడవాటి వాలు కట్టి, దాని మీద ప్లాస్టిక్ పరుస్తారు. నీళ్ళు చల్లుతుంటే ఆ తడికి స్కీలు జారతాయి. చివర కిక్కర్, దాని కింద పెద్ద కొలను. అసలు బూట్లు, అసలు స్కీలు, ఒంటికి నీళ్ళ చలి ఆపే వెట్‌సూట్, లైఫ్ జాకెట్, తలకి హెల్మెట్ పెట్టుకుని వచ్చి, పల్టీ కొట్టి నీళ్ళలో దిగుతారు. అంత ఎత్తు నుంచి పడితే నీళ్ళు కూడా గట్టిగానే తగులుతాయి కదా? అందుకని కొలను అడుగు నుంచి గాలి వదులుతారు. బుడగలు వచ్చి నీళ్ళు గుల్లబారతాయి, దెబ్బ తగ్గుతుంది. అమెరికాలో యూటా ఒలింపిక్ పార్కులో, లేక్ ప్లాసిడ్‌లో ఇలాంటివి ఉన్నాయి.

నాకు మరీ నచ్చేది ఆస్ట్రేలియా సంగతి. బ్రిస్బేన్ నగరంలో వాళ్ళ వింటర్ ఒలింపిక్ ట్రైనింగ్ సెంటర్ ఉంది, పెద్ద వాటర్ ర్యాంపుతో సహా. బ్రిస్బేన్‌లో మంచు పడుతుందా? పడదు. అది ఉక్కపోసే ఊరు, మన ఊరిలాంటిదే. అయినా అక్కడే కట్టుకున్నారు. ఆస్ట్రేలియా అమ్మాయి అలీసా కాంప్లిన్ 2002 సాల్ట్ లేక్ సిటీలో ఏరియల్స్ స్వర్ణం గెలిచింది. చిన్నప్పుడు తను జిమ్నాస్ట్, పంతొమ్మిదేళ్ళ దాకా స్కీయింగ్ జోలికే వెళ్ళలేదు. 2010 వాంకూవర్‌లో స్వర్ణం గెలిచిన లిడియా లస్సిలా కూడా జిమ్నాస్టే. చైనాకి 2022లో ఏరియల్స్ స్వర్ణం తెచ్చిన షూ మెంగ్‌టావ్ కూడా జిమ్నాస్టిక్స్ నుంచే వచ్చింది. అంటే ఏమిటి? ఈ ముగ్గురికీ ముందు గాలి తెలుసు, మంచు తర్వాత తెలిసింది. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. నేను ఇక్కడ చేస్తున్న పని మొత్తానికి ఆధారం ఇదే.

మన దేశంలో కూడా మంచు లేనప్పుడు దారి వెతుక్కున్నవాళ్ళున్నారు. శివ కేశవన్ పేరు విన్నారా? మనాలీ దగ్గర ఊరు. మంచు గొట్టంలో పడుకుని జారే ల్యూజ్ ఆటలో 1998 నుంచి 2018 దాకా వరుసగా ఆరు వింటర్ ఒలింపిక్స్ ఆడాడు. మన దేశంలో ఆ ట్రాకు లేదు. అందుకని ఆ జారుడు బండికి చక్రాలు కట్టుకుని హిమాలయాల ఘాట్ రోడ్ల మీద ప్రాక్టీసు చేశాడు. లారీలు తిరిగే రోడ్ల మీద! ఆయన పట్టుదలకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

ఇక ట్రాంపోలిన్. మీరంతా దీన్ని తీర్థాల్లో పిల్లలు గెంతే ఆటవస్తువుగానే చూసి ఉంటారు. దీన్ని తయారు చేసింది జార్జ్ నిస్సెన్ అనే అమెరికన్ జిమ్నాస్ట్. సర్కస్‌లో ఊయల ఆటగాళ్ళు ఆట అయ్యాక కింద వలలోకి దూకి, ఆ ఊపుకి మళ్ళీ పైకి లేవడం కుర్రతనంలో చూశాడు. 1934లో లారీ గ్రిస్వోల్డ్‌తో కలిసి అయోవా విశ్వవిద్యాలయంలో ఇప్పుడున్న తరహా ట్రాంపోలిన్ కట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా దీన్ని ఎవరి శిక్షణకి వాడిందో తెలుసా? విమానాల పైలట్లకి. తలకిందులైనా, గిర్రున తిరిగినా తాము ఎటు చూస్తున్నామో, భూమి ఎటుందో తెలియాలి కదా, అందుకు. 2000 సిడ్నీలో ఇది ఒలింపిక్ ఆట అయ్యింది. పోటీలో వాడే బెడ్ దాదాపు 4.28 మీటర్ల పొడవు, 2.14 మీటర్ల వెడల్పు ఉంటుంది, నేల మీద నుంచి మీటరు పైచిలుకు ఎత్తు. మన దగ్గరున్నది అంత పెద్దది కాదు, అంత ఎత్తుకి విసరదు. మన పనికి ఇది చాలు. ఇంకా పెద్దది ఎందుకు అక్కర్లేదో ఇప్పుడు చెప్తాను.

ఇంటర్ పిల్లలు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. మీటరు ఎత్తు లేస్తే గాల్లో ఎంతసేపు ఉంటారు? పైకి, కిందకి కలిపి 0.9 సెకను. ఆ సమయం రెట్టింపు కావాలంటే ఎంత ఎత్తు లేవాలి? రెండు మీటర్లా? కాదు, నాలుగు. ఎందుకంటే సమయం ఎత్తుకి వర్గమూలంతో పెరుగుతుంది. నాలుగు మీటర్లు లేస్తే 1.8 సెకన్లు. రెట్టింపు సమయం కోసం నాలుగింతల ఎత్తు నుంచి కింద పడాలన్నమాట. కాబట్టి ఎత్తు కోసం ఆరాటపడే పిల్లలకి నేను చెప్పేది, ఉన్న 0.9 సెకనులో శుభ్రంగా చేయండి. ఒక పల్టీకి అది సరిపోతుంది.

ఇంకో ఫిజిక్స్ మాట. గాల్లోకి లేచాక మీ కోణీయ ద్రవ్యవేగాన్ని మీరు పెంచలేరు, తగ్గించలేరు. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. బెడ్ వదిలిన క్షణంలో ఎంత తిప్పు తీసుకున్నారో అంతే మీ దగ్గరుంటుంది. మరి గాల్లో చేయగలిగిందేమిటి? ఆ తిప్పుని త్వరగా ఖర్చు పెట్టడమో, నెమ్మదిగా ఖర్చు పెట్టడమో. మోకాళ్ళు గుండెకి లాక్కుని ముడుచుకుంటే వేగంగా తిరుగుతారు, విప్పితే నెమ్మదిస్తారు. చేతులు ఒంటికి అదుముకుంటే మెలిక జోరందుకుంటుంది, చాపితే మెల్లగా అవుతుంది. దిగే ముందు ఆటగాళ్ళు చేతులు బార్లా చాపడం చూశారు కదా? అందం కోసం అనుకుంటారు చాలామంది. అది బ్రేకు.

ఇప్పుడు కాళ్ళకి స్కీలు కట్టాం అనుకోండి. ఏమవుతుంది? మనూళ్ళో కావడి మోసినవాళ్ళని అడగండి. రెండు చివర్లా బరువుతో కావడి భుజాన పెట్టుకుని ఇరుకు సందులో తిరగమంటే ఎలా ఉంటుంది? తిరగడం మొదలుపెట్టడమూ కష్టమే, మొదలయ్యాక ఆపడమూ కష్టమే. స్కీలు అచ్చంగా అదే పని చేస్తాయి. ఉత్త కాళ్ళతో చకచకా 360 తిరిగే పిల్ల, స్కీలు కట్టగానే 270 దగ్గర ఆగిపోతుంది. ఏడుపు ముఖం పెడుతుంది. ఎక్కువ బలంగా విసురుతుంది, అప్పుడు దాటిపోతుంది. నెమ్మదిగా, భుజాలతో కాస్త ముందే మొదలుపెట్టి తిరగాలని ఒంటికి అర్థం కావడానికి వారాలు పడుతుంది. మంచు మీదకి వెళ్ళేలోపే ఈ వారాలు అయిపోవాలి. అందుకే ఇక్కడ స్కీలు కడుతున్నాం.

ఆ స్కీలు ఎలాంటివో దగ్గరగా చూడండి. ఇదిగో, ఒకటి చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. ఇవి పాత చిన్నపిల్లల స్కీలు. అసలు స్కీకి రెండు పక్కలా ఉక్కు అంచు ఉంటుంది, గట్టి మంచులో పట్టు కోసం. ఆ అంచు ఒక్కసారి తగిలినా బెడ్ దారాలు తెగిపోతాయి. అందుకని అంచులు ఊడదీయించాం. ముందు, వెనక చివర్లు కోసి పొట్టి చేసి, గుండ్రంగా రుద్ది, స్పాంజి చుట్టి, దాని మీద టేపు వేశాం. అడుగున కూడా పలచటి స్పాంజి ఉంది, చూడండి. బూటు లేదు, పాదాన్ని పట్టీతో బిగిస్తాం. ప్రతి రోజూ మొదలుపెట్టే ముందు టేపు ఎక్కడైనా లేచిందేమోనని వేలితో తడిమి చూడాలి. లేచిన టేపు కింద చెక్క బయటపడితే ఆ రోజు ఆ స్కీ పక్కన పెట్టేయాల్సిందే. ఈ పని పిల్లల చేతే చేయిస్తాను. తన వస్తువు తను చూసుకోవడం కూడా శిక్షణలో భాగమే.

వరుస అన్నాను కదా. మొదటి రోజు ఏం నేర్పానో గుర్తుందా పిల్లలూ? ఆగడం! అవును, ఆగడం. గెంతడం ఎవరూ నేర్పక్కర్లేదు, బెడ్ ఎక్కితే అదే గెంతిస్తుంది. నేను 'ఆగు' అనగానే మోకాళ్ళు వంచి, ఊపంతా తొడల్లోకి తీసుకుని, బెడ్ మీద అతుక్కుపోవాలి. అది రానిదే ఎవరినీ రెండో మెట్టు ఎక్కించలేదు. కొంతమంది తల్లిదండ్రులకి విసుగు వచ్చింది, నాకు తెలుసు. "వారం అయింది, ఇంకా ఆగడమేనా?" అన్నారు. అవునండి, వారమంతా అదే. గెంతు అదుపు తప్పినప్పుడు పిల్లని కాపాడేది ఆ ఒక్క అలవాటే.

దాని తర్వాత నిటారు గెంతు. బెడ్ మధ్యలో ఎర్ర గుర్తుంది, లేచిన చోటే దిగాలి. చూపు ఎదురుగా బెడ్ అంచు మీద. తల వెనక్కి విసరకూడదు. పల్టీ అనగానే ప్రతి పిల్లా మొదట చేసేది తల వెనక్కి విసరడమే. తల పోతే నడుము వంగుతుంది, నడుము వంగితే గెంతు వెనక్కి పోతుంది, స్ప్రింగుల మీద పడతారు. తర్వాత కూర్చుని దిగడం, వీపు మీద దిగడం, 180 తిరగడం, 360 తిరగడం. ఆ తర్వాత పట్టు. స్కీయర్లు గాల్లో స్కీని చేత్తో పట్టుకుంటారు, దాన్ని గ్రాబ్ అంటారు. కుడిచేత్తో కుడి స్కీని పాదం దగ్గర బయటి పక్క పట్టుకుంటే సేఫ్టీ గ్రాబ్. కుడిచేత్తో ఎడమ స్కీని పాదం ముందు పట్టుకుంటే మ్యూట్. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చేయి స్కీ దగ్గరకి పోకూడదు, స్కీయే చేతి దగ్గరకి రావాలి. మోకాళ్ళు పైకి లాగితే స్కీ దానంతటదే చేతికి అందుతుంది. నడుము వంచి అందుకోబోతే తల ముందుకి పోయి ముక్కు మీద దిగుతారు.

వెనక పల్టీ చివర్లో వస్తుంది, అదీ బెల్టుతోనే. నడుముకి బెల్టు, రెండు పక్కలా తాళ్ళు, పైన దూలానికి గిలకలు, తాళ్ళ కొస నా చేతిలో. తాడు మీద నా చేయి ఉండగా పిల్ల నేల మీద పడదు. బెల్టుతో బాగా కుదిరాక, బెల్టు తీసి, బెడ్ మీదకి మందపాటి మ్యాట్ తోస్తాం. అది కూడా కుదిరాక అప్పుడు ఉత్త బెడ్ మీద. ఇక పల్టీ, మెలిక కలిసి వాలుగా తిరిగేవి ఉన్నాయి, కార్క్ అంటారు. నిలువు పల్టీ కాదు, పక్క తిరుగుడూ కాదు, రెంటికీ మధ్య. టీవీలో చూసి పిల్లలు అందరూ అడిగేది అదే. అది ఈ శిబిరంలో లేదు. వచ్చే ఏడు కూడా ఉండకపోవచ్చు. నిలువుగా తిరిగేటప్పుడు కంటికి బెడ్ ఎప్పుడు కనపడుతుందో తెలియనివాళ్ళు వాలుగా తిరిగితే ఎక్కడున్నారో వాళ్ళకే తెలియదు.

మన గోదావరి పిల్లలకి గాలంటే భయం లేదండి. గడ్డివాము మీద నుంచి పిల్లిమొగ్గలు వేస్తూ పెరిగారు. వంతెన మీద నుంచి కాలువలోకి వెనక పల్టీ కొట్టి దూకే పిల్లలు ఊరికి పదిమంది దొరుకుతారు. దసరాకి మన అమలాపురం చెడీ తాలింఖానాలో కర్ర తిప్పే కుర్రాళ్ళ పాదాలు గమనించండి, ఆ తూకం ఎక్కడి నుంచి వచ్చింది? అది మన దగ్గరున్న ఆస్తి. కానీ కాలువ దగ్గర ఒక్క మాట చెప్పి తీరాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మొన్నటిదాకా నిలువెత్తు నీళ్ళున్న చోట ఇప్పుడు మోకాలి లోతు ఉంటుంది. పైన చూస్తే నీళ్ళు నీళ్ళలాగే కనపడతాయి. తల కిందకి పెట్టి దూకితే మెడ ఎముక విరుగుతుంది, జీవితాంతం మంచంలో ఉండాల్సొస్తుంది. వాటర్ ర్యాంపు గురించి చెప్పాను కదా అని కాలువ గట్టు మీద బల్ల పెట్టి మొదలుపెట్టకండి. వాటర్ ర్యాంపు కొలను లోతు కొలిచి కడతారు, గట్టు మీద ఈతగాళ్ళుంటారు, నీళ్ళలోకి గాలి వదులుతారు. మన కాలువలో ఇవేవీ లేవు. పిల్లలూ, వినపడిందా? వెనక ఉన్న అన్నయ్యలు కూడా వినండి.

ఇప్పుడు ట్రాంపోలిన్ నేర్పలేనివి చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను మీకు సగం అబద్ధం చెప్పినట్టు. ట్రాంపోలిన్ మీద ఉన్నచోటే లేచి ఉన్నచోటే దిగుతాం. ఏరియల్స్‌లో స్కీయర్ గంటకి అరవై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కిక్కర్ మీదకి వస్తాడు. ముందుకి పోతూ తిరగాలి. ఇక్కడ బెడ్ మన కాళ్ళని కిందకి దింపి మెల్లగా పైకి విసురుతుంది, కాబట్టి తిప్పు తీసుకోవడానికి వ్యవధి ఉంటుంది. కిక్కర్ అంచు రెప్పపాటులో అయిపోతుంది. పైగా కిక్కర్ వంపే స్కీయర్‌ని వెనక్కి తిప్పడం మొదలుపెడుతుంది. ట్రాంపోలిన్ అలవాటుతో అక్కడ కూడా గట్టిగా విసిరితే ఒకటికి ఒకటిన్నర పల్టీ అవుతుంది. ఇంకోటి, ఇక్కడ మడమలు లేపి మునివేళ్ళతో తన్నుతాం. స్కీ బూటు వేసుకుంటే చీలమండ కదలదు, ఆ తన్ను ఉండదు. పనంతా మోకాళ్ళు, తుంట్లు చేయాలి. అందుకే మన పెద్ద పిల్లల చేత మడమలు లేపకుండా గెంతే అభ్యాసం చేయిస్తున్నాను. ఎత్తు తగ్గుతుంది, తగ్గనీయండి.

దిగడం కూడా అంతే. బెడ్ తప్పులన్నీ కడుపులో పెట్టుకుంటుంది, మంచు పెట్టుకోదు. ఏరియల్స్‌లో దిగే వాలు 37, 38 డిగ్రీలు నిటారుగా ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడినా బతికి బట్టకట్టడానికి ఆ వాలే కారణం, దెబ్బ కాళ్ళలోకి రాకుండా జారిపోతుంది. పోటీకి ముందు కోచ్‌లు పారలు పట్టుకుని ఆ మంచుని తవ్వి మెత్తన చేస్తారు. మార్కులు కూడా చూడండి. ఎగిరిన తీరుకి 20 శాతం, గాల్లో ఒంటి తీరుకి 50 శాతం, దిగడానికి 30 శాతం. ఆ 50 శాతం ట్రాంపోలిన్ మీద సంపాదించొచ్చు. మిగతా 50 కోసం మంచు దగ్గరకి పోవాల్సిందే. పోయేటప్పుడు సగం పని అయిపోయి ఉంటుంది, అంతవరకే నా హామీ.

జాగ్రత్తల విషయంలో నేను ఎవరి మొహమాటానికీ తగ్గను. బెడ్ మీద ఒకసారికి ఒక్కరే. అన్నాచెల్లెళ్ళైనా సరే, ఒక్కరే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఇళ్ళల్లో ట్రాంపోలిన్ వద్దని ఏళ్ళ తరబడి చెబుతోంది. దెబ్బల్లో మూడొంతులు ఒకరికంటే ఎక్కువమంది కలిసి గెంతినప్పుడే తగులుతున్నాయి. ఎక్కువ నష్టపోయేది అందరిలోకి చిన్నపిల్ల. ఎందుకు? పెద్దవాడు దిగినప్పుడు బెడ్ కిందకి పోతుంది. అది పైకొచ్చే క్షణంలో చిన్నది దిగితే, పెద్దవాడి ఊపంతా దాని కాళ్ళలోకి పోతుంది, ఎముక పుటుక్కున విరుగుతుంది. తీర్థాల్లో పదిమంది పిల్లల్ని ఒకేసారి ఎక్కిస్తారు చూడండి, అక్కడికి మీ పిల్లల్ని పంపకండి. నేను బతిమాలి చెబుతున్నాను.

మన గాలి సంగతి కూడా చెప్పాలి. సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి ఇనుము నిలవదు. స్ప్రింగు కొక్కెం లోపలి వంపు దగ్గర ముందు తుప్పు మొదలవుతుంది, పై నుంచి చూస్తే కనపడదు. నెలకోసారి ఒక్కో స్ప్రింగు ఊడదీసి, ఆ వంపు గుడ్డతో తుడిచి చూస్తాం. గుడ్డకి ఎర్రగా పొడి అంటితే ఆ స్ప్రింగు మార్చేస్తాం. ఎండలో పెట్టిన బెడ్ దారాలు పెళుసుబారతాయి కాబట్టి షెడ్డులోనే ఉంచాలి. ఉక్కపోతకి పాదాలకి చెమట పట్టి జారుతుంది, మేజోళ్ళు లేకుండా ఎవరూ ఎక్కొద్దు. చుట్టూ పరిచిన కొబ్బరి పీచు పరుపులు మన ఊరి సరుకే. దొర్లడం నేర్చుకోవడానికి అవి బంగారం. ఎత్తు నుంచి పడటానికి మాత్రం పనికిరావు, గట్టిగా ఉంటాయి. దానికి మందపాటి ఫోమ్ మ్యాట్లే కావాలి.

ఎవరో అడుగుతున్నారు, ఆ అమ్మ గారు. మైకు ఇవ్వండి. సరే, అందరికీ వినపడేలా నేనే చెప్తాను. వాళ్ళ పాప నిన్నటిదాకా పల్టీ బాగా కొట్టి, ఇప్పుడు గాల్లోకి లేచి బిగుసుకుపోతోందట, ఏం చేయాలంటున్నారు. తిట్టకండి, బలవంతం చేయకండి. ఇది పెద్ద పెద్దవాళ్ళకి కూడా జరుగుతుంది. సిమోన్ బైల్స్ గురించి విన్నారు కదా, టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, గాల్లో తను ఎక్కడున్నానో తెలియడం లేదని టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. ప్రపంచంలో అంతటి జిమ్నాస్ట్! తర్వాత సన్నటి దూలం మీద చేసే బీమ్ ఫైనల్‌కి తిరిగొచ్చి, చివర దిగేటప్పుడు మెలికలు తీసేసి, ఉత్త పల్టీలతో దిగి కాంస్యం గెలిచింది. అంటే ఒక మెట్టు వెనక్కి వెళ్ళింది. మీ పాప కూడా బెల్టు దగ్గరకి వెనక్కి వస్తుంది, అవసరమైతే వీపు మీద దిగడం దగ్గరకి వస్తుంది. వారమో, నెలో పడుతుంది. ఆ టెన్షన్ మీ ముఖంలో మాత్రం కనపడనీయకండి, పిల్లలు మన ముఖాలే చూస్తారు.

ఇంకో ప్రశ్న. డాబా మీద చిన్న ట్రాంపోలిన్ పెట్టుకోవచ్చా? వద్దండి. పిట్టగోడ ఎంత ఎత్తుందో, బెడ్ మీద నుంచి లేచిన పిల్ల ఎంత ఎత్తుంటుందో ఒకసారి లెక్క వేసుకోండి. ఇంటి దగ్గర ప్రాక్టీసు కావాలంటే నేల మీద గోడకి ఆనుకుని నిలబడి చేతులు లాగడం, విప్పడం చేయించండి. కళ్ళు మూసుకుని గెంతు మొత్తం మనసులో ఊహించుకోమనండి. ఒలింపిక్ ఆటగాళ్ళు కూడా ర్యాంపు పైన నిలబడి చేతులు కదుపుతూ అదే చేస్తుంటారు.

కాశ్మీర్‌లో మంచు కొండల మీదున్న గుల్మార్గ్‌కి ఎప్పుడు అని పిల్లలు గోల చేస్తున్నారు. అక్కడ కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉంది, చలికాలంలో కోర్సులు పెడతారు. పెద్ద పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలనే నా ఉద్దేశం. అయితే ముందే చెబుతున్నాను, మొదటి ట్రిప్పులో ఒక్క పల్టీ కూడా ఉండదు. స్కీ ముందు కొసలు దగ్గరకి పెట్టి ఆగడం, మలుపు తిరగడం, పడటం, లేవడం, అంతే. చిన్న దిబ్బ మీద నిటారుగా ఒక గెంతు, అది కూడా అక్కడి శిక్షకుడు సరే అంటేనే. గాల్లో ఒడుపున్న పిల్లలకి అక్కడ చేయి దురద పుడుతుంది, అక్కడి పిల్లలు అబ్బురంగా చూస్తారు, పల్టీ కొట్టి చూపించాలనిపిస్తుంది. కొట్టిన పిల్ల మర్నాడు రైలెక్కుతుంది. ఆ షరతుకి ఒప్పుకున్నవాళ్ళే పేరివ్వండి.

బడులు తెరిచాక శని, ఆదివారాల్లో సాయంత్రం అయిదింటికి ఇక్కడే ప్రాక్టీసు ఉంటుంది. ఇప్పుడు పిల్లలు మీకు చూపిస్తారు. ముందు చిన్నవాళ్ళు ఆగడం చూపిస్తారు, తర్వాత స్కీలతో 180, ఆఖరున పెద్ద పిల్లలు ఇద్దరు బెల్టు మీద వెనక పల్టీ. పెద్దలు ఆ పసుపు గీత దాటి రావొద్దండి, ఫోన్ ఫ్లాష్ వేయొద్దు, పిల్లలకి బెడ్ అంచు కనపడాలి. పాపా, ఆ స్కీ ఎవరి దగ్గరుందో తీసుకురా. టేపు చూశావా?